తొమ్మిదో తరగతికి వచ్చిందని పాపను ఖోఖో మాన్పించాలా?

ఓరుగల్లు_అమ్మ

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా పాప ఈ జూన్‌లో తొమ్మిదో తరగతికి వచ్చింది. ప్రైవేట్ స్కూల్, స్టేట్ సిలబస్. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడుతోంది, పోయినేడు అండర్-14లో జిల్లా జట్టుకు సెలెక్ట్ అయ్యి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) స్టేట్ మీట్‌కు కూడా పోయొచ్చింది. మెడల్ ఏం రాలేదు, క్వార్టర్ ఫైనల్‌లో ఓడిపోయారు. అయినా ఇంటికొచ్చాక చాలా రోజులు అవే ముచ్చట్లు, ఎవరు ఎట్లా డైవ్ కొట్టారు, ఏ జిల్లా పిల్లలు పోల్ దగ్గర ఎట్లా తిరుగుతున్నారు అని.

ఇప్పుడు సమస్య ఏంటంటే స్కూల్ తెరిచిన రోజే గేమ్స్ పీరియడ్ తీసేశారు. తొమ్మిది, పది వాళ్లకు సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్, ఆదివారం ఫౌండేషన్ టెస్ట్. ప్రిన్సిపాల్ మేడంని కలిస్తే "ఈ రెండేళ్లు ఆటలు పక్కన పెట్టించండమ్మా, టెన్త్ అయ్యాక కావలసినంత ఆడుకుంటుంది" అన్నారు. అక్కడిదాకా సరే, కానీ అదే స్కూల్ గేటు దగ్గర ఇప్పటికీ మా పాప ఫొటోతో అడ్మిషన్ల ఫ్లెక్సీ ఉంది! "రాష్ట్రస్థాయి క్రీడాకారిణి, మా విద్యార్థిని" అని రాసి, పక్కన కరస్పాండెంట్ గారి ఫొటో. ఆయన ఫొటో మా పాప ఫొటో కంటే రెండింతలు పెద్దది, అది వేరే సంగతి.

మా ఆయన కూడా ప్రిన్సిపాల్ మాటే అంటున్నారు. క్రికెటో బ్యాడ్మింటనో అయితే ఏదో అనుకోవచ్చు, ఖోఖో ఆడి ఏం చేస్తుంది అని. దానికి బదులు స్కూల్ వాళ్లు రాయించే ఒలింపియాడ్ పరీక్షల మీద దృష్టి పెట్టమంటారు. పోయినేడు పాపకు అందులో గోల్డ్ మెడల్ వచ్చిందిలెండి (వాళ్ల క్లాసులో సగం మందికి వచ్చింది). మార్కులు 80 శాతం దగ్గర ఉంటాయి, లెక్కల్లో కొంచెం వీక్.

ఈ స్టేట్ లెవెల్ సర్టిఫికెట్‌కు ముందు ముందు ఏమైనా విలువ ఉంటుందా? ఆట మాన్పిస్తే నిజంగా చదువు మెరుగవుతుందా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఓదార్పు మాటలు వద్దు.

డ్రిల్_సారు

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఏటా ఇదే పంచాయితీ నా దగ్గరికి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా మీ పాప ఆటలో ఎక్కడుందో చెప్తాను, ఇది స్కూల్ వాళ్లు చెప్పరు. ఎస్‌జీఎఫ్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు విభాగాలు. పోయినేడు పాప అండర్-14లో పెద్దపిల్ల, ఈ ఏడు అండర్-17లో చిన్నపిల్ల అయిపోతుంది. పదో తరగతి వాళ్లతో, ఇంటర్ ఫస్టియర్ ఆడపిల్లలతో కలిసి సెలక్షన్‌కు నిలబడాలి. వాళ్ల కాలి పొడవు వేరు, దమ్ము వేరు. అందుకని ఈ ఏడు జిల్లా జట్టులో పేరు రాకపోవచ్చు, అప్పుడు ఇంట్లో "చూశావా, ఇక ఆపెయ్" అనకండి. ఇక్కడే సగం మంది ఆడపిల్లలు ఆట మానేస్తారు, ఆట రాక కాదు, ఇంట్లో ఈ ఒక్క మాట విని. ఈ ఏడు ఓపిక పట్టి కాళ్లకు బలం పెంచుకుంటే పదో తరగతిలోనో ఇంటర్ ఫస్టియర్‌లోనో అదే పిల్ల జట్టుకు ముఖ్యమవుతుంది.

రెండోది, ఆట మాన్పిస్తే ఆ టైమంతా లెక్కలకు పోతుందని ఎవరు చెప్పారు? నేను చూసినంతలో అది ఫోన్‌కు పోతుంది. సాయంత్రం స్టడీ అవర్‌తో గొడవ పెట్టుకోకండి. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, వారానికి నాలుగు రోజులు గ్రౌండ్‌కు పంపిస్తే చాలు. ఖోఖోకు పెద్ద సామాను కూడా అక్కర్లేదు, రెండు పోల్స్, గీతలు, తోటి పిల్లలు ఉంటే అయిపోయింది. హన్మకొండలో పొద్దున పూట ఆడేవాళ్లు దొరక్కపోరు. లెక్కల్లో వీక్ అన్నారు కదా, దానికి లెక్కల సారును పట్టుకోవాలి గానీ ఖోఖోను కాదు.

మీ వారికి ఒక మాట చెప్పండి. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. మగవాళ్లదీ ఆడవాళ్లదీ రెండూ మన దేశమే గెలిచింది, రెండు ఫైనల్స్‌లోనూ నేపాల్ మీదే. పదేళ్ల కిందట ఈ ఆటను టీవీలో చూస్తామని నేనే అనుకోలేదు. అలాగని మీ పాప రేపు ఇండియాకు ఆడుతుందని నేను అనడం లేదు. ఆడితే ఆడుతుంది, లేకపోతే లేదు.

నెట్_దగ్గర_పొట్టోడు

సార్ చెప్పింది బాగానే ఉంది కానీ అక్క ఓదార్పు వద్దన్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. నేను వాలీబాల్ ప్లేయర్‌ని. మండల్, జిల్లా, స్టేట్, అన్నీ కలిపి మా ఇంట్లో ఫైలు నిండా సర్టిఫికెట్లు ఉన్నాయి, కొన్నిటికి మా అమ్మ లామినేషన్ కూడా చేయించింది. ఒక్కటి కూడా ఎక్కడా పనికి రాలేదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా అని పెద్ద ఆశతో వెరిఫికేషన్‌కు పోయినం, ఆ కోటానే అర శాతం. అక్కడ క్యూలో నా ముందు నేషనల్ మెడల్స్ వాళ్లు, ఇంటర్నేషనల్ ఆడినవాళ్లు ఉన్నారు. నా స్టేట్ పార్టిసిపేషన్ చూసి అక్కడి సారు నవ్వలేదు, అంతే సంతోషం.

ఆడినందుకు నాకేం బాధ లేదు, ఇప్పటికీ ఆదివారం ఆడతా. కానీ "సర్టిఫికెట్ వస్తుంది, కోటా వస్తుంది" అని ఇంట్లో ఒప్పించకండి అక్కా. రేపు రాకపోతే ఆ పిల్లనే అంటారు.

ఫామ్4_సుజాత

పైన తమ్ముడు చెప్పింది నిజమే, కాకపోతే సగం. నేను స్పోర్ట్స్ కోటాలోనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను, అందుకని కాగితాల సంగతి కొంచెం తెలుసు.

కోటాలో చూసేది ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నాయని కాదు, ఏ ఫామ్ ఉందని. ఫామ్-1 అంటే దేశం తరఫున ఆడినవాళ్లకు, ఫామ్-2 రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడినవాళ్లకు, ఫామ్-3 యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాళ్లకు, ఫామ్-4 రాష్ట్ర స్కూల్ జట్టుతో స్కూల్ నేషనల్స్ ఆడినవాళ్లకు. ఈ నాలుగింట్లో "జిల్లా తరఫున స్టేట్ మీట్ ఆడినవాళ్లకు" అనేది లేదు, చూశారా? ఓరుగల్లు అక్కా, అంటే పాప దగ్గర ఇప్పుడున్న కాగితానికి కేంద్ర ఉద్యోగాల లెక్కలో విలువ లేదు. ఇంకో మెట్టు ఎక్కి, స్టేట్ మీట్‌లో రాష్ట్ర జట్టుకు సెలెక్ట్ అయ్యి స్కూల్ నేషనల్స్ ఆడితే అప్పుడు ఫామ్-4. ఉన్న తేడా ఆ ఒక్క మెట్టే, కానీ చాలామంది ఇళ్లలో ఆ సంగతి తెలియక కింది మెట్టు కాగితాలు కుప్ప పోసుకుంటారు.

ఖోఖో కేంద్రం గుర్తించిన ఆటల జాబితాలో ఉంది కాబట్టి ఆ భయం లేదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం, దానికి వేరే నిబంధనలు, వేరే వెరిఫికేషన్.

ఇంకొకటి. ఎస్‌జీఎఫ్ ఒక్కటే దారి అనుకోకండి. ఎస్‌జీఎఫ్‌కు స్కూల్ హెచ్‌ఎం సంతకం లేనిదే ఎంట్రీ ఉండదు కాబట్టి స్కూల్ వాళ్ల చేతిలో మన జుట్టు ఉంటుంది. జిల్లా ఖోఖో అసోసియేషన్ వాళ్లు సబ్ జూనియర్, జూనియర్ జట్లకు విడిగా సెలక్షన్స్ పెడతారు, దానికి ప్రిన్సిపాల్ దయ అక్కర్లేదు. జూనియర్ నేషనల్స్‌లో మెడల్ వస్తే అది స్కూల్ నేషనల్స్ కంటే పైన లెక్క. సెలక్షన్ డేట్లు పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ఓ మూల చిన్న వార్తగా వేస్తారు, అది చూసుకోవాలి. లేకపోతే పీఈటీల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరినైనా పట్టుకోండి.

హైటెక్_నాన్న

ఇంత చర్చ ఎందుకండీ, స్కూల్ మార్చేయండి. పిల్ల ఫొటో వాడుకుని పిల్లను ఆడనివ్వకపోవడం ఏంటి, నాకైతే ఒళ్లు మండింది. ఆ ఫ్లెక్సీ ముందు దింపమనండి.

ఓరుగల్లు_అమ్మ

@హైటెక్_నాన్న అన్నా, ఫీజు సగం కట్టేశాం, బస్సు ఫీజు కూడా. పైగా పాప స్నేహితులంతా అక్కడే. మార్చడం అంత తేలిక కాదు. ఫ్లెక్సీ దింపమంటే పాపే ఒప్పుకోదు 😄 రోజూ బస్సు దిగి దాన్ని చూసుకునే లోపలికి పోతుంది.

@ఫామ్4_సుజాత అక్కా, అసోసియేషన్ సంగతి నిజంగా నాకు తెలియదు, చాలా థాంక్స్. ఒలింపియాడ్ గురించి ఎవరూ ఏం చెప్పలేదు? మా ఆయన అదే అడుగుతున్నారు.

జీవశాస్త్రం_టీచర్

ఒలింపియాడ్ గురించి నేను చెప్తానండీ, హైస్కూల్లో బయాలజీ చెప్తాను, సైన్స్ పోటీలకు పిల్లల్ని తయారు చేసే పని కూడా నాదే.

స్కూల్లో ఫీజు కట్టించుకుని రాయించేవి ప్రైవేట్ సంస్థల పరీక్షలు. రాయడంలో తప్పు లేదు, పిల్లలకు ఓఎంఆర్ అలవాటు అవుతుంది, అంతవరకే. క్లాసు వారీగా మెడల్స్ ఇస్తారు కాబట్టి ప్రతి క్లాసులో గోల్డ్ ఉంటుంది, దాన్ని కూడా ఫ్లెక్సీ మీద వేసుకోవచ్చు. అసలైన గణిత ఒలింపియాడ్ దారి వేరు. ముందు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష రాయాలి, అందులో నిలిస్తే ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ, తర్వాత జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ, అక్కడి నుంచి ట్రైనింగ్ క్యాంప్, చివరికి దేశం తరఫున ఆరుగురు అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు పోతారు. ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ దీనికి కేంద్రం. లెక్కల మీద పిచ్చి ప్రేమ ఉన్న పిల్లలకు అది, లెక్కల్లో వీక్ అని మీరే అంటున్న పిల్లను అటు తోయకండి.

మీ పాపకు ఏదైనా సైన్స్ వైపు ఆసక్తి ఉంటే ఇన్‌స్పైర్ మనక్ చూడండి. ఇది పిల్లల సొంత ఐడియాలకు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం వాళ్లు పెట్టే పోటీ. ప్రైవేట్ స్కూళ్లు కూడా పంపవచ్చు. స్కూల్ తరఫున ఐదు ఐడియాల దాకా ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, ఎంపికైతే మోడల్ తయారు చేసుకోవడానికి పిల్లల బ్యాంకు ఖాతాలోనే 10,000 రూపాయలు పడతాయి, తర్వాత జిల్లా ప్రదర్శన, స్టేట్, నేషనల్. కానీ ఇక్కడ కూడా ఒక రోగం ఉంది, చెప్పకుండా ఉండలేను. చాలాచోట్ల ఐడియా టీచర్‌ది, మోడల్ షాపుది, నిలబడి బట్టీ పట్టింది అప్పజెప్పేది పిల్ల. జిల్లా ప్రదర్శనలో ఒక వరుసలో నిలబడి చూడండి, అదే సెన్సర్‌తో వెలిగే వీధి దీపం, అదే చెత్తబుట్ట, ఊర్ల పేర్లు మాత్రం వేరు. జడ్జి "ఈ వైరు తీసేస్తే ఏమవుతుంది" అని అడిగితే పిల్లలు టీచర్ వైపు చూస్తారు.

మా దగ్గర ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్లమ్మ కోసం పత్తి ఏరే సంచి మార్చింది. మామూలుగా పాత చీరనో చున్నీనో ఒడిలాగా కట్టుకుంటారు కదా, పత్తి నిండేకొద్దీ బరువంతా మెడ మీద, నడుము మీద పడుతుంది. ఈ పిల్ల తన పాత స్కూల్ బ్యాగ్ పట్టీలు కోసి రెండు భుజాలకూ బరువు పంచేలా కుట్టించి, అడుగున తాడు లాగితే పత్తి కిందికి జారేలా చేసింది. కుట్టు వంకరగా ఉంది, తాడు ఒక్కోసారి ఇరుక్కుంటుంది. జడ్జి ఎన్ని ప్రశ్నలు వేసినా తడుముకోలేదు, ఎందుకంటే ఆ సంచితో వాళ్లమ్మ వెంట చేనుకు పోయింది. స్టేట్‌కు సెలెక్ట్ కాలేదు, పక్కన ఎల్‌ఈడీ లైట్లతో మెరిసే మోడల్‌కు వచ్చింది. నాకు ఇప్పటికీ కోపమే. వాళ్లమ్మ మాత్రం ఆ సంచి ఇప్పటికీ వాడుతోందట.

అందుకని మీ వారితో అనండి, మెడల్ ఎక్కడిదైనా సరే, "ఇది నువ్వే చేశావా, ఎట్లా చేశావు" అని అడిగితే పిల్ల పది నిమిషాలు ఆపకుండా చెప్పగలగాలి. మీ పాప ఖోఖో గురించి అన్నాళ్లు చెప్పిందని మీరే రాశారు. ఒలింపియాడ్ గోల్డ్ గురించి ఎంతసేపు చెప్పింది?

పర్వతగిరి_పోరడు

మీ పక్క జిల్లానే కదా అక్కా మాది, ఒక్క ముచ్చట చెప్పి పోతా. మా మండలంలో కల్లెడ అని ఊరుంది. అక్కడి బడిలో విలువిద్య నేర్పిస్తే వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. దీప్తిని ఊర్లో పిల్లలు ఏడిపించేవాళ్లు, ఆమె పరుగును ముందు గమనించింది బడిలో పీఈటీ సారే. ఒక్క ఊరు, ఇద్దరు. ఆ బడిలో కూడా గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టి ఉంటే?

నెట్_దగ్గర_పొట్టోడు

తమ్మీ, ఇద్దరి పేర్లు చెప్పినవ్, ఆ బడిలో వాళ్లతో పాటు ఆడి ఇంటికి పోయినోళ్లు ఎందరో అది కూడా అడుగు. నేను వాళ్ల తరఫున మాట్లాడుతున్నా.

పర్వతగిరి_పోరడు

అన్నా, వాళ్లలో నేనొకణ్ని. విల్లు పట్టిన, జిల్లా కూడా దాటలే. ఇప్పుడు డీసీఎం వ్యాన్ నడుపుత. ఆ రోజులు తీసెయ్యమంటే మాత్రం తియ్య.

చిన్నకోడూరు_తండ్రి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి జెడ్పీ హైస్కూల్లో ఎనిమిది. స్కూల్లో ఎన్‌ఎంఎంఎస్ రాయిస్తామంటున్నారు. ఇది కూడా ఆ ఫీజు పరీక్షల లాంటిదేనా?

జీవశాస్త్రం_టీచర్

కాదండీ, అస్సలు కాదు, తప్పకుండా రాయించండి. ఇది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో ఒక్కసారే రాయాలి, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు. ప్రభుత్వ, లోకల్ బాడీ, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకే, ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. పేపర్లు రెండు, ఒకటి రీజనింగ్, ఇంకొకటి సబ్జెక్టులు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. పిల్లలు దెబ్బతినేది రీజనింగ్‌లోనే, ఎందుకంటే అది పుస్తకాల్లో ఉండదు, ఎవరూ చెప్పరు. పాత పేపర్లు ఇప్పటి నుంచే చేయించండి. ఆదాయం, కులం సర్టిఫికెట్లు అప్లికేషన్ టైమ్‌కు మీ సేవలో పరుగులు పెట్టకుండా ముందే తీసి పెట్టుకోండి.

ఓరుగల్లు_అమ్మ

అందరూ ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. పొట్టోడు తమ్ముడి మాటలు మా ఆయనకు చూపించాను, "చూశావా" అన్నారు. తర్వాత సుజాత అక్క రాసింది చూపించాను, ఏం అనలేదు. టీచర్ గారు అడిగిన ప్రశ్న మాత్రం పాపనే అడిగాను, ఒలింపియాడ్‌లో ఏం వచ్చింది అని. "ఏదో బబుల్స్ నింపానమ్మా" అంది.

నిన్న మళ్లీ ప్రిన్సిపాల్ మేడంని కలిశాను. స్టడీ అవర్ మానడానికి ఒప్పుకోలేదు, కానీ ఎస్‌జీఎఫ్ సెలక్షన్స్ ఉన్న రోజు సెలవు ఇస్తాం, ఫారం మీద సంతకం పెట్టిస్తాం అన్నారు. నోటి మాటే, రాసివ్వమంటే నవ్వారు. పొద్దున ప్రాక్టీస్‌కు కాలేజీ గ్రౌండ్‌లో ఒక బ్యాచ్ ఆడుతోందట, సోమవారం నుంచి తీసుకుపోతాను. మా ఆయన "ఈ ఒక్క ఏడు చూద్దాం, లెక్కల్లో మార్కులు తగ్గితే మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు. లెక్కలకు పక్కింటి బీఎడ్ అమ్మాయి ట్యూషన్ చెప్తానంది.

డ్రిల్ సార్, సెలక్షన్స్‌కు ఏమేం కాగితాలు కావాలి? పోయినసారి అంతా స్కూల్ పీఈటీ చూసుకున్నారు, ఆయనను ఈ ఏడు తీసేశారు.

డ్రిల్_సారు

పీఈటీనే తీసేశారా, సరిపోయింది.

ఎంట్రీ ఫారం మీద పాప ఫొటో అతికించి, ఆ ఫొటో మీద పడేలా హెచ్‌ఎం సంతకం, స్కూల్ స్టాంప్ వేయించాలి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, బోనఫైడ్ పెట్టుకోండి, ఒరిజినల్స్ కూడా చేతిలో ఉండాలి. మండల స్థాయి ఆటలు మామూలుగా వానాకాలంలోనే మొదలవుతాయి, ఆగస్టు నుంచి ఎంఈఓ ఆఫీసులో అడుగుతూ ఉండండి. స్కూల్లో పీఈటీ లేడు కాబట్టి ఎవరూ మీకు ఫోన్ చేసి చెప్పరు. జట్టు లేకపోయినా సెలక్షన్స్‌కు పాప ఒక్కతే వచ్చి ఆడొచ్చా అని మండల్ ఇన్‌చార్జి పీఈటీని ముందే కనుక్కోండి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. మోకాళ్లకు నీక్యాప్స్ కొనండి, డైవ్ కొట్టే పిల్లకు షూ కంటే అవే ముఖ్యం.

ఇంకొకటి, ఈ రాత్రే చూడండి. ఆధార్‌లో పుట్టిన తేదీ, స్కూల్ రికార్డులో పుట్టిన తేదీ ఒకటేనా కాదా? ఒక్క రోజు తేడా ఉన్నా గ్రౌండ్ దగ్గరే వెనక్కి పంపేస్తారు, అప్పుడు నేను పక్కనే ఉన్నా ఏం చేయలేను.